నల్ల బెల్లం, తాత మచ్చ

మొన్న మంగళవారం పొద్దున్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో నా కెమెరా నా పరువు తీసింది.

చోడవరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన దిమ్మలు వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. రంగు తేలడానికి పాకంలో చల్లే హైడ్రోస్ వెయ్యని సరుకు. కొత్త చింతపండు రంగు. వేలంలో మొదటి రకం పలకదని ఆయనకీ తెలుసు. "ఓ ఫోటో తియ్యి బాబూ, మా గుంటడికి పంపుతాను" అన్నాడు. తీసి వెనక తెర మీద చూపించాను. ఆయన కళ్ళు చికిలించి చూశాడు.

"ఇది నా బెల్లం కాదు."

అదేంటని దిమ్మల వరస వేలితో చూపించాను. "దిమ్మలు నావే. రంగు నాది కాదు. ఇందులో హైడ్రోస్ ఏసీసినట్టుందేటి?"

మళ్ళీ చూశాను. నిజమే. చింతపండు రంగు కాస్తా పాలెక్కువైన టీ రంగులోకి దిగిపోయింది.

ఈ కాలమ్ క్రమం తప్పకుండా చదివేవాళ్ళకి ఆ మాట నాకెక్కడ తగిలిందో చెప్పక్కర్లేదు. కంప్యూటర్లో శాచురేషన్ మీట పైకి తొయ్యడమూ, పాకంలో హైడ్రోస్ చల్లడమూ ఒకటేనని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో! మీరు పంపిన ఫోటోల్లో "ఎడిటింగ్ వాసన" పట్టి ఎన్ని తిప్పి పంపానో! కెమెరా ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచాలి, అది నా నియమం. మంగళవారం నాడూ ఆ నియమం తప్పలేదు. ఒక్క మీట ముట్టుకోకుండా తీసిన ఫోటోనే అది.

ఇంటికొచ్చి మా మేనల్లుడికి చూపించాను. నా నికాన్ డి90 వాడి దృష్టిలో మ్యూజియం సరుకు. 2008 నాటిది, 12 మెగాపిక్సెళ్ళు. లెన్సు మంచిదైతే బాడీ ఎంత పాతదైనా ఫరవాలేదన్న నా పాట మళ్ళీ ఎత్తుకోను, ఎడిటర్ గారు కత్తిరిస్తారు.

"మావయ్యా, నువ్వు ఎడిట్ చెయ్యలేదు. కెమెరా చేసింది" అన్నాడు వాడు.

సంగతి ఇదీ. కెమెరాలోని మీటరుకి లోకమంతా ఒక మాదిరి బూడిద రంగు. ఫ్రేము నిండా నల్ల బెల్లం పెడితే, 'పాపం చీకటిగా ఉంది' అనుకుని వెలుతురు పెంచేస్తుంది. తెల్లటి ఆవిరి కమ్మిన బెల్లం పెనం చూపిస్తే ఆవిరిని మసిగుడ్డ చేస్తుంది. రంగుదీ అదే తంతు. ఆటో వైట్ బ్యాలెన్సుకి ఎటు చూసినా పసుపూ గోధుమా కనిపిస్తే, అది సరుకు రంగని దానికి తట్టదు, దీపం రంగేమో అనుకుంటుంది. బల్బు వెలుగు 2,700 కెల్విన్ల దగ్గర, మధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర ఉంటాయి కదా, ఆ తేడా సర్దుతున్నాననుకుని నీలం కలిపేస్తుంది. పైగా ఆ షెడ్డులో ఒక పక్క ట్యూబులైట్లు, ఒక పక్క ఎండ. ఇన్ని సర్దుబాట్లూ చేసి, ఒక్కో రంగుని 256 మెట్లకి కుదించి, జేపెగ్ అని చేతిలో పెడుతుంది. నేనేమో దాన్ని సత్యం అంటున్నాను.

వాడు నాకు చెప్పకుండా కెమెరాలో, ఈ సర్దుబాట్లేవీ కలవని రా ఫైలు కూడా నమోదయ్యేలా ముందే మార్చి పెట్టాడు. అందులో ఒక్కో రంగుకి 4,096 మెట్లు. డార్క్‌టేబుల్‌లో తెరిచాడు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఫోటోలో కాటా వెనకాల సున్నం వెయ్యని సిమెంటు స్తంభం ఉంది. రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట, గ్రే కార్డు, లేని లోటు అదే తీర్చింది. దాని మీద ఒక నొక్కు నొక్కి, వెలుతురు ఒక స్టాపు తగ్గించాడు. చింతపండు రంగు వచ్చి కూర్చుంది.

నేను ఊరుకుంటానా? తాత ఫోటో కథ ఎత్తుకున్నాను. ఆ కథ మీకూ కంఠస్థమే. మా తాతది బెల్లం పొయ్యి. కుడి చెంప మీద పాకం చిమ్మి కాలిన మచ్చ. ఆయన పోయాక గోడకి పెట్టుకోవడానికి పాత నెగెటివ్ ఒకటి స్టూడియోకి ఇస్తే, స్టూడియో మాస్టారు పెన్సిలుతో టచింగ్ చేసి మచ్చ చెరిపేశాడనీ, మామ్మ గొడవపడి టచింగ్ లేని ప్రింటు వేయించుకుందనీ, ఎడిటింగ్ మీద నా పగ అక్కడే మొదలైందనీ.

మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. "అదేట్రా, ఎవరు చెప్పేరు నీకది?" అంది.

మచ్చ ఎవరూ చెరపలేదట. అసలు నెగెటివ్‌లోనే లేదు. ఎండలో తీసిన ఫోటో. వెలుగు పడిన చెంప నెగెటివ్‌లో నల్లగా గట్టిపడి, ప్రింటులో సున్నం కొట్టినట్టు వచ్చింది. మామ్మ ఆ ప్రింటు చూసి "ఈయనెవరు?" అందట. అప్పుడు మాస్టారు ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, సన్న కుంచెతో, "ఇంకాస్త కిందకి... చెవి వైపుకి..." అని ఆవిడ చెబుతుంటే, రెండు సాయంత్రాలు ఆ మచ్చ దిద్దాడు. డబ్బులు ప్రింటుకే తీసుకున్నాడట.

పటం దింపి, వెనక మేకులు పీకి, అద్దం తీశాను. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే బ్రొమైడ్ కాగితమంతా తళతళమంటోంది. చెంప దగ్గర మాత్రం చింతగింజంత మేర మెరుపు లేదు. కుంచె రంగు కాగితం పైనే ఎండిపోయింది. నలభై ఏళ్ళకి పైగా ఆ పటం కింద నిలబడి టచింగ్‌ని తిట్టాను.

(ఆ స్టూడియో డార్క్‌రూమ్‌లో నా ముక్కుకి పట్టిన హైపో వాసన ఇంకా గుర్తే. అది వెండి లవణాలని కరిగిస్తుందని 1819లోనే కనిపెట్టినవాడు జాన్ హెర్షెల్. హైపో, హైడ్రోస్ రెండూ గంధకం ఇంటి చుట్టాలే. ఒకటి బొమ్మని నిలబెడుతుంది, ఇంకోటి బెల్లానికి రంగు తేలుస్తుంది. తిట్లన్నీ ఒక్కదానికే దక్కడం న్యాయమే.)

శుక్రవారం ఆ పెద్దాయన మళ్ళీ సరుకు తెచ్చాడు. దిద్దిన ఫోటో ఫోన్లో చూపించాను. ఫోన్ని దిమ్మ పక్కన పెట్టి అటూ ఇటూ చూసుకున్నాడు. "ఆఁ, ఇదీ నాది" అన్నాడు.

ఎడిటింగ్ వాసన వస్తోందని నేను ఫోటోలు తిప్పి పంపినవాళ్ళు ఎవరైనా ఇంకా ఈ కాలమ్ చదువుతుంటే, దయచేసి మళ్ళీ పంపండి. రా ఫైలుంటే అదీ జత చెయ్యండి. ఫోటోలో ఉన్న మనిషికో, ఆ సరుకు యజమానికో ఒకసారి చూపించి, వాళ్ళేమన్నారో కింద ఒక ముక్క రాయండి.