ఓడ రిజిస్టరు చదివే చెయ్యి

1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిన ఒప్పంద కూలీల మొదటి జట్టు అందులో ఉంది. 1911 వరకూ అలా వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. ఓడ రిజిస్టర్లలో మనిషికో వరుస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. వాళ్ళ మునిమనవలు ఆ వరుసల్లో తమవాళ్ళను వెతుక్కుంటున్నారు. జీతం లేకుండా, ఉద్యోగాలు పోగా మిగిలిన పూటల్లో సాగే పని ఇది. అందులోని పనితనం చూస్తే నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మొదటి గొప్పతనం ఎత్తిరాతలో ఉంది. గుమాస్తా ‘చికాకోల్’ అని రాస్తే చికాకోల్ అనే ఎక్కించాలి. శ్రీకాకుళం అన్నది పక్క గడిలో, ఎవరు అన్నారో తెలిసేలా విడిగా ఉండాలి. ఒకే పేజీని ఇద్దరు ఒకరిది ఒకరు చూసుకోకుండా చదువుతారు. తేడా వస్తే మూడోవారు తేలుస్తారు. చెరిగిన అక్షరం దగ్గర ప్రశ్న గుర్తు పెడతారు తప్ప ఊహతో పూడ్చరు. తెలుగువాళ్ళకు ఇది మరీ కష్టం. ‘వెంకటసామి’ కనబడగానే చెయ్యి ‘స్వామి’ అని దిద్దబోతుంది. దిద్దితే ఆనాడు గుమాస్తా చెవిన పడిన పలుకు పోతుంది.

ఆ పలుకులోనే ఆచూకీలు ఉంటాయి మరి. ఊరి గడి చిరిగిపోయినా, పేరు అప్పలసామి అనో సింహాద్రి అనో ఉంటే చదివేవారి చూపు సింహాచలం చుట్టుపక్కలకు మళ్ళుతుంది. అది రుజువు కాదని వాళ్ళకు తెలుసు, అలాగే రాసుకుంటారు.

జిల్లా గడిలో ‘గంజాం’ ఉందనుకోండి. కొత్తవాళ్ళు నేరుగా ఒడిశా పటం తెరుస్తారు. చెయ్యి తిరిగినవాళ్ళు ముందు సంవత్సరం చూస్తారు. ఆనాటి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది, చికాకోల్, టెక్కలి అందులోవే. 1936లో ఒడిశా వేరుపడ్డప్పుడు ఆ తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. ఒడిశాలో నెలల తరబడి వెతికినా దొరకని ఊరు టెక్కలి పక్కనే ఉండొచ్చు.

అన్నిటికంటే గట్టి ముడి ఇంటిపేరు. రిజిస్టరులో దానికి గడే లేదు. సముద్రం అవతల ముత్తాత పేరే చాలామందికి ఇంటిపేరైంది, నాయుడు ‘నాయిడూ’గా స్థిరపడింది. ఇక్కడి పల్లెలో మాత్రం మనిషిని ఇంటిపేరుతోనే పోలుస్తారు. అందుకని తండ్రి పేరు, తోడబుట్టినవాళ్ళ పేర్లు, ఇలవేల్పు, పిల్లనిచ్చి పుచ్చుకున్న ఊళ్ళు, ఒక్కొక్కటే పక్కపక్కన పేర్చుకుంటూ పోవాలి. రెండు కలిసినంత మాత్రాన వీళ్ళు పొంగిపోరు, మూడోది కావాలంటారు. ఆ పట్టుదల నాకు ఎంతో ఇష్టం.

వారాంతంలో కొందరు శ్మశానాలకు వెళ్ళి రాళ్ళమీది రాతలు ఫొటో తీస్తారు. సుద్ద రుద్దరు, ఇనప బ్రష్షుతో గీకరు. ఎండ ఏటవాలుగా పడే ఉదయం కోసమో సాయంత్రం కోసమో కాచుకుంటారు. మిట్టమధ్యాహ్నం నున్నగా కనబడిన రాయి మీద అప్పుడు అక్షరాలు నీడ పోసుకుని లేస్తాయి. ముసలివాళ్ళ దగ్గర కూర్చున్నా ఇదే ఓపిక. ప్రశ్నల కాగితం తియ్యరు, పాత పెళ్ళి ఫొటో చేతికిస్తారు. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో చెబుతూ చెబుతూ ఆ పెద్దవాళ్ళే వరసలన్నీ విప్పుతారు.

వీళ్ళ నోటుపుస్తకంలో నేను ముందు చూసేది దొరికినవాటి పట్టిక కాదు, దొరకనివాటిది. ఫలానా ఓడ, ఫలానా సంవత్సరం, ఈ మూడు రకాల స్పెల్లింగులతో చూశాం, లేదు. ఆ ఒక్క పంక్తి వల్ల రేపు ఆ కుటుంబంలో మరొకరు ఇదే వెతుకులాటకు పూనుకుంటే ఆ ఓడను వదిలి తర్వాతి ఓడ నుంచి మొదలుపెట్టుకోవచ్చు.