గింజెత్తు మందు

మన పాతకాలపు కంసాలి గురివింద గింజతో బంగారం తూచినట్టే, ఇంటి షెడ్డులో తూటాలు కట్టుకునే అమెరికా వేటగాడు మందును గ్రెయిన్లలో తూస్తాడు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, ఒకప్పటి బార్లీ గింజ ఎత్తు. కాల్చేసిన ఇత్తడి తొడుగును అచ్చులో నొక్కి పాత కొలతకు తేవడం, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ కూర్చడం, మందు పోయడం, పైన గుండు బిగించడం: చెప్తే ఒక్క వాక్యం, చేస్తే ఒక సాయంత్రం.

అసలు తెలివంతా గుండు ఎంపికలో ఉంది. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్‌ను కొట్టాడు. దుప్పి జాతిలో అంత భారీ జంతువు మరొకటి లేదు. దాని తోలుకు బురద గట్టిగా పట్టి ఉండడంతో గుండ్లు లోపలికి దిగకుండా పైపైనే చిట్లిపోయాయి. ఇంటికొచ్చి రెండు సీసపు ముద్దల మధ్య రాగి అడ్డుగోడ నిలిపి కొత్త గుండు చేశాడు. ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, వెనకభాగం చెదరకుండా లోతుకు దిగుతుంది. వేట నాకు రుచించదు గానీ, ఆ అడ్డుగోడ ఆలోచనకు దండం పెట్టాలనిపిస్తుంది. గాయంతో పారిపోయిన జంతువు అడవిలో రోజుల తరబడి చావడం కన్నా ఒక్క దెబ్బకు పోవడం నయం కదా!

గుండు బరువు కూడా గ్రెయిన్లలోనే: 1905 నాటి జర్మన్ 9.3×62 తూటా కాల్చే మధ్యరకం తుపాకులకు 286 గ్రెయిన్ల గుండు వాడుక. అంటే పద్దెనిమిదిన్నర గ్రాములు.

తూటాలు కట్టే బల్ల దగ్గర కబుర్లుండవు. లెక్క తప్పిందని అనుమానమొస్తే చాలు, వేటగాడు పోసిన మందంతా డబ్బాలోకి ఒంపేసి మళ్లీ మొదటి తొడుగు దగ్గరికొస్తాడు.