జత కాయల ఈత

ఎండాకాలం వస్తోందంటే కొబ్బరి రాశిలోంచి రెండు కాయలు ఏరి పక్కన పెట్టడం మా ఇళ్లలో అలవాటు. ఏ కాయ పడితే ఆ కాయ పనికిరాదు. కొత్తగా దింపిన కాయ డొక్క నిండా తేమే, బరువు. నెలల తరబడి రాశిలో పడి ఉండి, డొక్క గోధుమరంగుకి తిరిగి, చేత్తో ఎత్తితే తేలిగ్గా, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు గలగలమనేది కావాలి. అలాంటివి రెండు తీసుకుని, ఒక్కోదాని డొక్క నుంచి వేలెడు వెడల్పున పీచు పట్టీ చీల్చి, పూర్తిగా ఊడిపోకుండా తొడిమ దగ్గర ఆపి, రెండు పట్టీల్నీ కలిపి ముడేస్తే జత తయారవుతుంది. వేరే తాడు అక్కర్లేదు. ముడి పిల్లవాడి రొమ్ము కిందికి, కాయలు చెరో చంక పక్కకి వచ్చేలా సర్ది నీళ్లలోకి వదిలేవారు. అరటి బొంద పట్టుకుని నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు, ఎండిన ఆనపకాయ బుర్రతో నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ కోనసీమలో ఈతకి గురువు కొబ్బరికాయే.

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య, దక్షిణాన సముద్రం ఆనుకుని ఉన్న నేల ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దీని మీద కాలువలు పరుచుకున్నాయి. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల నుంచి చీలిన నీరు ఊరూరా తిరిగి చివరికి బోదెల్లోకి చేరుతుంది. ఇంటి ముందు కాలువ, పెరటి వెనక చెరువు, ఊరి చివర ఏటిగట్టు. ఇలాంటి చోట ఈత ఒక ఆట మాత్రమే అనుకోవడం నాకు ఎప్పుడూ నచ్చదు. నడక ఎంతో ఇదీ అంతే.

నాకు నేర్పింది మా మావయ్య. రబీ అయిపోయి ఏప్రిల్లో కాలువ కట్టేశాక, ఊరచెరువులో మొదలుపెట్టాడు. మంచినీళ్ల చెరువులో కాలు పెట్టనిచ్చేవారు కాదు, ఇది గేదెల చెరువు. నిలిచిన నీళ్లలో నేర్చుకోవాలి, జూన్‌లో కాలువ వదిలాక పారే నీళ్లలో ఈదాలి. వరుస అది.

మొదటి మూడు రోజులూ కాయల ఊసే లేదు. మొలలోతులో నిలబెట్టి పెంకుముక్క ఒకటి పడేసేవాడు.

"మునిగి ఆ పెంకు తే."

"మునిగిపోతాను మావయ్యా!"

"మునగమనే కదరా చెబుతున్నాను. ఊపిరి బిగపట్టి కూర్చో అడుగున."

కూర్చోలేకపోయాను. గుండెల నిండా గాలి పట్టుకుని కిందికి వెళ్లినవాణ్ణి చెరువు అడుగున కుదురుగా ఉండనివ్వలేదు. పిర్ర నేలకి ఆనేలోపే ఎవరో వీపు కింద చెయ్యి పెట్టి లేపినట్టు పైకొచ్చేశాను. పెంకు దొరకడానికి నాలుగు మునకలు పట్టింది. మావయ్య నాకు చూపించాలనుకున్నది పెంకు కాదని పెద్దయ్యాక అర్థమైంది. నీళ్లు మనిషిని లాగేసుకుంటాయన్న భయంతో దిగినవాడికి, అవి తోసేస్తాయని వాడి ఒంటికే తెలియజెప్పడం.

ఇందులో మర్మమేమీ లేదు. ఊపిరితిత్తుల్లో గాలి నిండుగా ఉన్నంతసేపూ మనిషి ఒళ్లు నీటికంటే కాస్త తేలిక. ఊపిరి పూర్తిగా వదిలేస్తే చాలామంది కిందికి జారతారు. తల ఒక్కటే నాలుగైదు కిలోలుంటుంది. భయపడ్డవాడు చేసేది ఆ తలని నీళ్ల పైకి ఎత్తడం. ఎత్తిన తలని మోయడానికి మిగతా ఒళ్లు దిగిపోతుంది, కాళ్లు వేలాడతాయి, ఊపిరి పొట్టిదవుతుంది, తేలికదనం పోతుంది. మునగడం అక్కడ మొదలవుతుంది, లోతువల్ల కాదు. ఆరడుగుల్లో తేలే ఒళ్లు అరవై అడుగుల్లోనూ అంతే తేలుతుంది.

నాలుగో రోజు కాయలు కట్టాడు. నీళ్లలో మన బరువు దాదాపు పోతుంది కాబట్టి రెండు ఎండుకాయల ఆసరా పిల్లవాడి ముఖం పైన ఉండటానికి సరిపోతుంది. రబ్బరు ట్యూబుకీ కాయల జతకీ తేడా ఉంది. ట్యూబు మనిషిని చుట్టేసి కుర్చీలో కూర్చోబెట్టినట్టు నిలువుగా ఉంచుతుంది. ఈత ఒంటిని బల్లపరుపుగా ఉంచాలి. జత కాయలు రొమ్మునే ఎత్తుతాయి, నడుమూ కాళ్లూ మన బాధ్యత. కాళ్లాడించకపోతే అవి కుంగుతాయి, ఆడిస్తే లేస్తాయి. తప్పు చేసిన మరుక్షణమే నీళ్లు చెబుతాయి. పైగా పీచు రోజురోజుకీ నానుతుంది. వాడుతున్నకొద్దీ కాయలు బరువెక్కి, ఆసరా తగ్గుతుంది. నేర్చుకుంటున్నవాడికి తెలియకుండానే వాడి పని పెరుగుతుంది. ఇంత మంచి పనిముట్టుని ఎవరూ కూర్చుని రూపొందించలేదు, చెట్టు కింద దొరికింది.

ముందు కుక్క ఈత, తరవాత బారలు. వీటి గురించి చెప్పేదేం లేదు, పిల్లలు ఒకళ్లని చూసి ఒకళ్లు పట్టేస్తారు. లోతుకి కావలసినవి వేరే రెండున్నాయి. ఒకటి వెల్లకిలా తేలడం: చెవులు నీళ్లలో మునిగేదాకా తల వెనక్కి వాల్చి, పొట్ట పైకెత్తి, చేతులు బార్లా చాపి పడుకోవడం. రెండోది నిలువీత. ఉన్నచోటే నిలువుగా ఉండి, కాళ్లతో సైకిల్ తొక్కినట్టు తొక్కుతూ, చేతుల్ని నీళ్ల కిందే అటూ ఇటూ ఆడించాలి. అరిచేతులతో నీళ్లని కిందికి కొట్టకూడదు. కళ్లంలో ఆరబోసిన ధాన్యాన్ని చేత్తో నెరిపినట్టు, కాస్త ఏటవాలుగా, తొందర లేకుండా. నిలువీత వచ్చినవాడు లోతులో ఆగి ఊపిరి తీసుకోగలడు, ఒడ్డు ఎటుందో చూసుకోగలడు. వంద బారలు వేయగలిగి ఆగడం రానివాడికి నేను ఈత వచ్చిందనను.

పది రోజులకి నన్ను చెరువు మధ్యకి తీసుకెళ్లాడు. కాళ్లకి నేల తగల్లేదు. "ముడి నువ్వే విప్పుకో. విప్పాలనిపిస్తేనే" అన్నాడు. ఆ రోజు విప్పలేదు, మర్నాడూ విప్పలేదు. మూడో రోజు విప్పాను. కాయలు రెండూ నా ముఖానికి జానెడు దూరంలో తేలుతున్నాయి. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. వెల్లకిలా వాలిపోయాను. చెవులు మునగగానే ఊరి చప్పుడంతా ఆగిపోయి నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. తీసుకుంటే రొమ్ము లేస్తోంది, వదిలితే దిగుతోంది, మళ్లీ లేస్తోంది. ఎంతసేపున్నానో గుర్తులేదు.

పిల్లల్ని ఎత్తి లోతులో విసిరేసేవాళ్లున్నారు, చెప్పకుండా కాయలు లాగేసేవాళ్లూ ఉన్నారు. అలా నేర్చుకున్నవాళ్లు గట్టిగా ఈదుతారని వాదిస్తారు. విసిరితే నీళ్లకి శాశ్వతంగా దూరమైనవాళ్లని నేను చూశాను, అందులో నా తోటివాళ్లున్నారు. లోతులో ధైర్యం ఒకరు తోస్తే వచ్చేది కాదు. ముడి విప్పే చెయ్యి నేర్చుకునేవాడిదే అయి ఉండాలి.

పెద్దయ్యాక ఇది కుదరదనుకునేవాళ్లకి సామర్లకోటకు చెందిన గోలి శ్యామల పేరు చెబుతాను. నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి పాక్ జలసంధి ఈదుకుంటూ మన ఒడ్డుకి వచ్చారు. పెద్దవాళ్లకి కావలసిన క్రమమూ ఇదే: మునక, తేలడం, నిలువీత, ఆ తరవాతే బారలు. నాలుగడుగుల నీళ్లలో గోడ పట్టుకుని నెలలకొద్దీ కాళ్లు కొట్టేవాళ్లు లోతు వైపు వెళ్లలేకపోవడానికి కారణం కాళ్లలో లేదు, తేలి చూడకపోవడంలో ఉంది.

చెరువు ఈత ఏటికి చాలదు. ఏరు నడుస్తూ ఉంటుంది. నడిచే నీటికి ఎదురీదితే అరగంటకి కాదు, నాలుగు నిమిషాలకే మనిషి అలిసిపోతాడు. దాంతోపాటే పోతూ, ఏటవాలుగా ఒడ్డు వైపు జరగాలి. దిగేముందు గుర్రపుడెక్క గుబురు ఎంత వేగంగా పోతోందో గట్టు మీంచి చూసుకోవాలి. ఓడలరేవు, అంతర్వేది వైపు పోటూ పాటూ కూడా లెక్కే. పాటు మీదున్నప్పుడు నీళ్లన్నీ సముద్రానికి పోతుంటాయి. ఇసుక తీసిన చోట మోకాల్లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతు వస్తుంది.

2025 మే 26న ముమ్మిడివరం మండలం కమిని దగ్గర గౌతమిలో స్నానానికి దిగిన 8 మంది యువకులు మునిగి చనిపోయారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇన్ని నీళ్ల మధ్య ఉండి కూడా మన పిల్లలు నీళ్లకి కొత్తవాళ్లు అయిపోతున్నారు. కాలువల్లో మురుగు, గుర్రపుడెక్క. చెరువుల్లో చాలా భాగం రొయ్యలకి పోయాయి. రేవుల్లో సాయంత్రాలు పిల్లల అరుపులు లేవు. ఆడపిల్లలకి అప్పుడూ సరిగా నేర్పలేదు, వరదకి కాజ్‌వేలు మునిగితే పడవెక్కి బడికెళ్లే లంక ఊళ్లలో కూడా.

బంగ్లాదేశ్ పల్లెల్లో ఊరి చెరువులోనే వెదురుతో మునిగి ఉండే వేదిక కట్టి పిల్లలకి ఈత నేర్పుతున్నారు. 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు ఉన్నచోటే తేలాలి, మునిగేవాణ్ణి ఒడ్డు నుంచే ఎలా కాపాడాలో తెలియాలి. పతకాల కోసం కాదు, బతకడానికి సరిపడా ఈత అది. వెదురూ, చెరువూ, కొబ్బరికాయలూ మనకి తక్కువేం లేవు. ప్రతి పంచాయతీలో ఒక చెరువు శుభ్రం చేసి, మే నెలలో ఇరవై రోజులు, నేర్పడం తెలిసిన పెద్దవాళ్లని కూర్చోబెడితే చాలు. ఆడపిల్లలకి వేరే వేళ, నేర్పడానికి ఆడవాళ్లు ఉండాలి.

మూడోదైన కాపాడటం గురించి ఒక్క మాట. మునిగేవాడు దొరికిన మెడని పట్టుకుని ఎక్కేస్తాడు. అతని కోసం దూకినవాడు, వాడి కోసం దూకినవాడు, ఇలా ఒకరి వెనక ఒకరు పోయిన ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. ముందు విసరాలి: తువ్వాలు, గెడ, ఖాళీ క్యాను, ఏదైనా. మా రేవులో కిందటేడు తుమ్మచెట్టుకి ఒక జత కాయలు, వాటికి ఇరవై బారల నైలాన్ తాడు కట్టి వేలాడదీశాం. తాడు ఎండకి పెళుసెక్కితే మార్చాలి. కాయలు వానకి నాని బరువెక్కాయేమో దసరాకోసారి, సంక్రాంతికోసారి ఎత్తి చూడాలి. ఈ సంక్రాంతికి చూస్తే ఒక కాయ మొలకెత్తింది. దాన్ని గట్టున పాతి, రాశిలోంచి ఇంకోటి తెచ్చి కట్టాం.