ఆధునిక నృత్యోత్సవాలు – ప్రేక్షక నిర్మాణం: తూర్పు హైదరాబాదు నుంచి ఒక పరిశీలన

1. ప్రస్తావన

నృత్యవిమర్శ సాధారణంగా వేదిక మీది ప్రదర్శనతో మొదలై అక్కడే ముగుస్తుంది. వేదిక చుట్టూ జరిగే ఉచిత ప్రదర్శనలు, ప్రసంగాలు, అందరికీ ప్రవేశమున్న శిక్షణ తరగతులు, కళాకారులతో ముఖాముఖి వంటివి ప్రచారంలో భాగంగానే లెక్కకు వస్తాయి. ఆధునిక నృత్యం వంటి అపరిచిత రూపానికి ప్రేక్షకుణ్ణి తయారుచేసేది మాత్రం ఈ కార్యక్రమాలే. అమెరికాలోని ఒక వేసవి నృత్యోత్సవ అనుభవాన్ని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల స్థితితో కలిపి పరిశీలిస్తే ఈ సంగతి తేటపడుతుంది.

2. జేకబ్స్ పిల్లో అనుభవం

మాసచుసెట్స్ రాష్ట్రంలోని బెకెట్‌లో టెడ్ షాన్ 1933 వేసవిలో తన పురుష నర్తక బృందంతో ప్రదర్శనలు ప్రారంభించాడు. పాత వ్యవసాయ క్షేత్రంలోని కొట్టమే వాటికి రంగస్థలం. అవి ప్రసంగంతో కూడిన ప్రదర్శనలు; వచ్చినవారికి తేనీరు కూడా ఇచ్చేవారు. పురుషుడు నాట్యాన్ని వృత్తిగా స్వీకరించడాన్ని నాటి అమెరికన్ సమాజం చిన్నచూపు చూసేది. అందువల్ల ఆ ప్రసంగం బృందం మనుగడకే అవసరమైంది. 1942లో అక్కడ నృత్యం కోసమే ఒక రంగశాల వెలసింది. తరువాతి దశాబ్దాలలో ఆరుబయట వేదికపై ఉచిత ప్రదర్శనలు, ఉచిత ప్రసంగాలు ఆ ఉత్సవంలో భాగమయ్యాయి.

1962లో బాలసరస్వతి అక్కడ భరతనాట్యం ప్రదర్శించారు. పదాల అర్థం తెలియని ప్రేక్షకుడికి అభినయం అందాలంటే వివరణ కావాలి. అదేవిధంగా సాహిత్యం, కథ, పాత్ర ఆధారంగా నృత్యాన్ని చూడడానికి అలవాటుపడిన తెలుగు ప్రేక్షకుడికి ఇవేవీ లేని ఆధునిక నృత్యం పరభాషే. అతని మౌనాన్ని అరసికతగా భావించడం సరికాదు. అయితే ప్రసంగ పద్ధతికి ఒక పరిమితి ఉంది. నిపుణుడు చెప్పడం, ప్రేక్షకుడు వినడం అనే క్రమం స్థిరపడితే ప్రశ్నించే హక్కు ఒకవైపే మిగులుతుంది.

3. దేశి సంప్రదాయంలో ప్రశ్న

కూచిపూడి భాగవతుల భామాకలాపంలో ఈ పరిమితికి సమాధానం కనిపిస్తుంది. సూత్రధారుడే మాధవి పాత్ర ధరించి సత్యభామను ప్రశ్నిస్తాడు. భర్త పేరు చెప్పమని నిలదీస్తాడు. ప్రేక్షకుడి సందేహం, పరిహాసం, కుతూహలం అతని నోట పలుకుతాయి. వివరణ ప్రదర్శనలోనే ఇమిడి ఉన్నందున విడిగా ప్రసంగం అవసరం లేకపోయింది. తెలంగాణ చిందు యక్షగానంలో కళాకారుడికీ ఊరికీ మధ్య ఉన్నది టిక్కెట్టు సంబంధం కాదు, ఆశ్రిత సంబంధం. దానిని ఆదర్శంగా కీర్తించడానికి వీలులేదు. కుల వ్యవస్థ విధించిన హద్దులు అందులోనే ఉన్నాయి. నేటి ఉత్సవాలు స్వీకరించదగినది ఆ సామీప్యాన్ని, విడిచిపెట్టవలసినది ఆ హద్దులను.

4. దిల్‌సుఖ్‌నగర్ – ఎల్బీనగర్

ఈ ప్రాంతం శిక్షణ సంస్థలకు, వసతి గృహాలకు ప్రసిద్ధం. విజయవాడ రహదారి వెంట నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం ప్రాంతాల నుంచి వచ్చే యువత నగరంలో మొదట అడుగుపెట్టేది ఇక్కడే. బతుకమ్మ, కోలాటం వారి దేహ స్మృతిలో ఉన్నాయి. మరోవైపు వేసవి శిబిరాలలో పిల్లలు శాస్త్రీయ నృత్యం నుంచి సినిమా నృత్యం వరకు నేర్చుకుంటారు. శిబిరం ముగింపు రోజున ప్రేక్షకులుగా వచ్చేవారు ప్రధానంగా తల్లిదండ్రులే. తమ పిల్లల కోసం వచ్చినవారు నృత్యం కోసం మళ్లీ రావడానికి తగిన సందర్భం అరుదు. నేర్చుకునేవారు ఉన్నంతగా చూసేవారు లేకపోవడమే ఇక్కడి ప్రధాన లోపం.

2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మార్గం ప్రారంభం కావడంతో రవీంద్రభారతి పరిసరాలకు రైలు మారకుండా చేరుకోవడం సాధ్యమైంది. దూరం తగ్గినంత మాత్రాన అలవాటు ఏర్పడదు. పరీక్షల సన్నాహంలో ఉన్న విద్యార్థి సైఫాబాదు దాకా వస్తాడని ఎదురుచూడడం కన్నా, సరూర్‌నగర్ మైదానం వంటి చోటికి నృత్యం వెళ్లడం సమంజసం. వేళను కూడా స్థానిక వాతావరణమే నిర్ణయించాలి. బెకెట్ వేసవి పగటిపూట ఆరుబయట కూర్చోనిస్తుంది. హైదరాబాదు మే నెల ఎండ కూర్చోనివ్వదు. రాత్రి భోజనాల తరువాత ఆట మొదలుపెట్టిన భాగవతుల పద్ధతి ఇక్కడ ఆచరణయోగ్యం.

5. ముగింపు

సామాజిక కార్యక్రమాల విలువను హాజరు సంఖ్య ఒక్కటే నిర్ణయించలేదు. ఒకసారి వచ్చిన ప్రేక్షకుడు రెండవసారి వచ్చాడా, వచ్చి ప్రశ్న అడిగాడా, ఆ ప్రశ్న తరువాతి ప్రదర్శనను ఏ మేరకు మార్చింది అనేవి విమర్శకు ప్రమాణాలు కావాలి. బతుకమ్మలో వలయంగా కదిలిన యువతిని ఆధునిక నృత్య తరగతిలో ఏమీ తెలియని కొత్త విద్యార్థినిగా చూస్తే, ఉచిత ప్రవేశం కూడా ఆమెకు దూరాన్నే మిగులుస్తుంది. ఆమె అడుగును నర్తకి నేర్చుకున్న రోజున ఆ తరగతి నిజంగా సామాజికమవుతుంది. తూర్పు హైదరాబాదులో తలపెట్టే ఏ నృత్యోత్సవాన్నయినా ఈ కొలతతోనే పరీక్షించవలసి ఉంటుంది.