పతకం లేని కెప్టెన్

ఆటల గురించి రాసేవాళ్లం ఎక్కువగా స్కోరు చేసినవాళ్ల పేర్లే రాస్తాం. ఈ వారం అడ్డుకునేవాడి గురించి రాయాలనిపించింది. అతని పేరు బాబ్ మర్ఫీ. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ తరఫున 2000 నుంచి 2017 దాకా 312 మ్యాచ్‌లు ఆడాడు. ఆటగాడిగా ఇంకో క్లబ్బు గడప తొక్కలేదు. కెప్టెన్లలో నేను చాలా గౌరవించే మనిషి. తన జట్టు అరవై రెండేళ్ల తర్వాత కప్పు గెలిచిన రోజున మైదానంలోకి దిగే భాగ్యం అతనికి దక్కలేదు.

ఈ ఆట తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. క్రికెట్ ఆడే కోలాకారపు మైదానంలోనే దీన్నీ ఆడతారు. ఒక్కో జట్టులో 18 మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి బంతిని తన్నితే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే 1. కనీసం 15 మీటర్ల దూరం నుంచి తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకుంటే దాన్ని ‘మార్క్’ అంటారు. అప్పుడు అడ్డు లేకుండా తన్నే అవకాశం వస్తుంది. ఆఫ్‌సైడ్ నియమం లేదు కాబట్టి ఎవరు ఎటునుంచైనా వచ్చి మీద పడొచ్చు.

మర్ఫీ మొదట్లో ముందు వరుసల్లో ఆడినా, పేరు తెచ్చుకున్నది హాఫ్‌బ్యాక్‌గా. మన కబడ్డీలో కార్నర్ డిఫెండర్‌ను గుర్తు తెచ్చుకోండి. రైడర్ కాలు చాచేదాకా ఓపిక పట్టాలి, చాచిన క్షణంలో చీలమండ దొరకబుచ్చుకోవాలి. తొందరపడినా పాయింటు పోతుంది, ఆలస్యమైనా పోతుంది. హాఫ్‌బ్యాక్ పరిస్థితీ అదే. బంతి గాల్లో ఉండగానే తేల్చుకోవాలి, తాను కాపలా కాస్తున్న మనిషిని వదిలి బంతి కోసం వెళ్లాలా, అతన్నే అంటిపెట్టుకుని ఉండాలా అని. వెళ్లి అందుకుంటే అక్కడి నుంచే తన జట్టు దాడి మొదలవుతుంది. అందుకోలేకపోతే వదిలేసిన మనిషి గోల్ కొడతాడు. సన్నగా, రివటలా ఉండే మర్ఫీ ఒంటి బలంతో నెగ్గిన ఆటగాడు కాడు. బంతి ఎక్కడ పడబోతోందో ముందే పసిగట్టి అక్కడికి చేరేవాడు. 2011లోనూ 2015లోనూ లీగ్ ఏటా ప్రకటించే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో చోటు సంపాదించాడు. రెండోసారి ఆ జట్టుకు కెప్టెన్ కూడా అతనే.

ఇలాంటి ఆటగాడికి మోకాలే ఆస్తి. ఆ మోకాలే రెండుసార్లు మోసం చేసింది. మోకీలు లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే స్నాయువు ఒకటి ఉంటుంది. అది పూర్తిగా తెగితే దానంతట అది మామూలుగా అతుక్కోదు. ఎక్కువగా ఆటగాడి తొడ వెనక నుంచో మోకాలి చిప్ప కింది నుంచో స్నాయువు ముక్క తీసి ఆ స్థానంలో అమరుస్తారు. ఆ తర్వాత కాలు చాచడం, నడవడం, తిన్నగా పరుగెత్తడం ఒక్కొక్కటే మళ్లీ అలవాటు చేసుకోవాలి. పరుగులో చటుక్కున మలుపు తిరగడం అన్నిటికన్నా చివర వస్తుంది. దాడి చేసేవాడు తనకు నచ్చినప్పుడు మలుపు తిరుగుతాడు. డిఫెండర్ ఎప్పుడు తిరగాలో ఎదుటివాడు నిర్ణయిస్తాడు. అందుకే కాలు బాగుపడ్డాక కూడా ఆ కాలి మీద నమ్మకం కుదరడం డిఫెండర్‌కు మరీ కష్టం. 2006లో మొదటిసారి స్నాయువు తెగినప్పుడు మర్ఫీకి ఇంకా పాతికేళ్లు నిండలేదు. ఓర్చుకుని, కోలుకుని తిరిగొచ్చాడు.

2014 చివర్లో బుల్‌డాగ్స్ క్లబ్బు అతలాకుతలమైంది. జట్టు పద్నాలుగో స్థానంలో నిలిచింది. కెప్టెన్ ర్యాన్ గ్రిఫెన్ వేరే క్లబ్బుకు వెళ్లిపోయాడు, కోచ్ బ్రెండన్ మెకార్ట్నీ తప్పుకున్నాడు. కొత్త కోచ్‌గా లూక్ బెవరిడ్జ్ వచ్చాడు. పగ్గాలు 32 ఏళ్ల మర్ఫీ చేతికొచ్చాయి. ఒక్క ఏడాదిలో జట్టు ఆరో స్థానానికి ఎగబాకి ఫైనల్స్ దశకు చేరింది.

2016 ఏప్రిల్ 10న, సీజన్ మూడో రౌండ్‌లో, హాథార్న్‌తో మ్యాచ్ చివరి నిమిషాల్లో మోకాలి స్నాయువు మళ్లీ తెగింది. మ్యాచ్ 3 పాయింట్ల తేడాతో పోయింది. మర్ఫీకి ఆ సీజనే పోయింది. జట్టును నడిపించే పని మరో డిఫెండర్ ఈస్టన్ వుడ్ అందుకున్నాడు. ఏడో స్థానంతో ఫైనల్స్‌కు వచ్చిన బుల్‌డాగ్స్ పెర్త్‌లో వెస్ట్ కోస్ట్‌ను, ఆపైన హాథార్న్‌ను, సిడ్నీలో జీడబ్ల్యూఎస్ జెయింట్స్‌ను ఓడించింది. అక్టోబరు 1న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో సిడ్నీ స్వాన్స్‌పై 89-67 స్కోరుతో గెలిచింది. 1954 తర్వాత ఆ క్లబ్బుకు అదే తొలి కప్పు.

ఆ రోజు ఆడిన 22 మందికే పతకాలు. కోచ్‌కు జాక్ మెక్‌హేల్ పేరిట వేరే పతకం ఉంటుంది. బెవరిడ్జ్ తన మెడలోని ఆ పతకం తీసి, మర్ఫీని వేదిక మీదికి పిలిచి అతని మెడలో వేశాడు. తర్వాత మర్ఫీ దాన్ని కోచ్‌కే తిరిగిచ్చేశాడు. ఇచ్చినవాడూ గొప్పవాడే, తిరిగిచ్చినవాడూ గొప్పవాడే. అయితే నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి సంగతి. కప్పు వచ్చేసింది, వయసు 35కు దగ్గరపడింది. అక్కడితో ఆపేస్తే ఎవరూ తప్పు పట్టరు. అయినా 2017లో మళ్లీ కెప్టెన్‌గా మైదానంలో దిగాడు, 300 మ్యాచ్‌ల మైలురాయి దాటాడు, ఆ ఏడాది జట్టు ఫైనల్స్‌కు చేరకపోయినా చివరి మ్యాచ్ దాకా ఆడి వీడ్కోలు తీసుకున్నాడు. ఫలితం తన పేరున రాకపోయినా పని పూర్తిగా చేయాలన్నది డిఫెండర్ నేర్చుకునే మొదటి పాఠం. మర్ఫీ కెప్టెన్సీ కూడా అలాగే సాగింది.

బుల్‌డాగ్స్ మెల్‌బోర్న్ పడమటి శివార్ల జట్టు. ఆ వైపు టార్నీట్, పాయింట్ కుక్ లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి తల్లిదండ్రులకూ ఇక్కడి కోచ్‌లకూ నా మనవి ఒక్కటే. పిల్లవాణ్ని వెనక వరుసలో నిలబెట్టారని చిన్నబుచ్చుకోకండి. దెబ్బ తగిలి కూర్చున్న పిల్లను జట్టు మాటల్లోంచి, జట్టు ఫొటోలోంచి తప్పించకండి. ఆ మోకాలికి కావలసినంత గడువు ఇవ్వండి.