రెక్కలెత్తిన స్త్రీ

2015 ఏప్రిల్ 9న కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో సామ్రాజ్యవాది సెసిల్ రోడ్స్ విగ్రహాన్ని క్రేన్ పైకెత్తింది. నెల రోజుల విద్యార్థి ఉద్యమ ఫలితమది. ఆ ఫోటోలో నా చూపు మాత్రం కళాకారిణి సెతెంబిలె మ్సెజానె దగ్గరే ఆగుతుంది. ముఖానికి పూసల ముసుగు, చేతులకు సవరాల రెక్కలు, కాళ్లకు ఎత్తుమడమల చెప్పులు. దాదాపు నాలుగు గంటలు అలాగే నిలబడింది! ఆమె దాల్చింది చపుంగు పక్షి రూపం. జింబాబ్వే రాతిపక్షి శిల్పమొకటి రోడ్స్ తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఆమె దాన్ని ప్రాణంతో బయటికి తెచ్చింది.

1934లో రోడ్స్ విగ్రహాన్ని మలిచిందీ స్త్రీయే, మేరియన్ వాల్గేట్. శిల్పి స్త్రీ అని సంబరపడే మన విమర్శ ఇక్కడ ఇరుకున పడుతుంది. ఉద్యమంలోనూ అందరికీ చోటు దొరకలేదు. 2016 మార్చిలో ఆ ఉద్యమ ఛాయాచిత్రాల ప్రదర్శనను ట్రాన్స్ విద్యార్థులే అడ్డుకున్నారు, తమను చెరిపేశారని.