ఆ ప్రశ్నలో ‘మీరు’ ఎవరు?

ఒక వైద్యసేవకి జనం ఎంత విలువ ఇస్తున్నారో తెలుసుకోవడానికి ఆరోగ్య అర్థశాస్త్రంలో ఒక పద్ధతి వుంది. ఆ సేవ ఎలా వుంటుందో మాటల్లో చెప్పి, ‘ఇది దొరికితే మీరు ఎక్కువలో ఎక్కువ ఎంత చెల్లిస్తారు?’ అని అడుగుతారు. జవాబుల సగటుని ప్రజలు ఆ సేవకి కట్టిన విలువగా తీసుకుంటారు. 1963లో రాబర్ట్ డేవిస్ అమెరికాలోని మెయిన్ అడవులకి విహారానికి వచ్చేవాళ్ల విషయంలో ఈ పద్ధతి వాడాడు. 1973లో జాన్ ఆక్టన్ గుండెపోటు మరణాల్ని తగ్గించే ఏర్పాట్లకి దాన్ని వర్తింపజేశాడు. ఇప్పుడు టీకాల నుంచి ఆరోగ్య బీమా దాకా మన దేశంలో కూడా ఇదే ప్రశ్న అడుగుతున్నారు. ఇది లెక్కలవాళ్ల వ్యవహారమని వదిలేయడం నాకు సరికాదనిపిస్తుంది. ప్రశ్న ముందుగా ఒక వాక్యం. వాక్యాన్ని, అందులోని సర్వనామాన్ని చదవడం మనకి తెలిసిన పనే.

ఆ మధ్య ఇలాంటి ప్రశ్నాపత్రం ఒకటి తెలుగు చేసే పని నాకు వచ్చింది. ‘విల్లింగ్‌నెస్’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. ‘సుముఖత’ అంటే ప్రభుత్వ ఉత్తర్వులా వుంది. ‘ఇష్టం’ అంటే, ఇష్టం వుండీ చేతిలో డబ్బు లేనివాళ్లు ఏం చెప్పాలి? ‘తాహతు’ అంటే అందులో ఇష్టం ప్రసక్తే లేదు. నా తెలుగు అర్థమవుతోందో లేదో చూద్దామని, గర్భాశయ ముఖద్వార కేన్సర్ పరీక్ష గురించిన ప్రశ్నని మా వీధిలో ఇళ్లల్లో పనిచేసే కొందరు ఆడవాళ్లకి చదివి వినిపించాను. ఒకామె ‘మా ఆయన్నడిగి చెప్తానమ్మా’ అంది. ఇంకొకామె నన్నే ఎదురడిగింది: ‘నాకా, మా పాపకా? పాపకైతే ఎట్టాగో తెస్తాను. నాకైతే ఇప్పుడెందుకులెండి.’

ఆమె చెప్పినదాన్ని రాయడానికి ప్రశ్నాపత్రంలో చోటు లేదు. అంకె వేయడానికి ఒక గడి మాత్రమే వుంది. ఆ ప్రశ్నలోని ‘మీరు’ సొంత సంపాదన వున్న, దాన్ని తన మీద ఖర్చుపెట్టుకునే హక్కు వున్న మనిషి. బీమా సర్వేల్లో చాలాసార్లు ఇంటి యజమానినే అడుగుతారు. ఇంట్లో ఎవరి నొప్పికి ఎంత ఇవ్వాలో నిర్ణయించేది ఎవరన్న విషయం ఆ ఒక్క అంకెలో మాయమైపోతుంది. ఆదాయం పెరిగేకొద్దీ చెప్పే మొత్తం పెరుగుతుందని అర్థశాస్త్రజ్ఞులే ఒప్పుకుంటారు. కానీ ఆదాయాన్ని వాళ్లు ఇంటికి కొలుస్తారు, ఇంట్లోని స్త్రీకి కాదు.

ఇక సున్నల సంగతి. ‘నేనేమీ ఇవ్వను’ అన్నవాళ్లని ఈ పద్ధతి రెండు రకాలుగా విడదీస్తుంది. ‘వైద్యం ప్రభుత్వ బాధ్యత, నేనెందుకివ్వాలి’ అనేవాళ్లది నిరసన సున్న. చాలా అధ్యయనాల్లో దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. సేవ అక్కర్లేదనో, డబ్బు లేదనో అనేవాళ్లది నిజమైన సున్న. దాన్ని లెక్కలో వుంచుతారు. అంటే హక్కుగా అడిగిన స్త్రీ గొంతు బయటికి పోతుంది, ‘నాకెందుకులెండి’ అన్న స్త్రీ గొంతు ఆమె అభిరుచిగా నమోదవుతుంది. పితృస్వామ్యం నేర్పిన సర్దుబాటుకి శాస్త్రీయమైన పేరు దొరుకుతుంది.

ప్రశ్నని తిప్పి అడగొచ్చు కూడా: ‘ఈ సేవ లేకుండా వుండడానికి మీకెంత ఇవ్వాలి?’ ఇలా అడిగితే జనం సాధారణంగా చాలా పెద్ద మొత్తాలు చెబుతారు. ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికిన 1989 నాటి ప్రమాదం తర్వాత, కెన్నెత్ యారో, రాబర్ట్ సోలో నాయకత్వాన అమెరికాలో వేసిన నిపుణుల బృందం 1993లో, తక్కువ అంకె వచ్చే ‘ఎంత ఇస్తారు’ ప్రశ్నే వాడమని సూచించింది. నష్టపరిహారం తేల్చేటప్పుడు ఆ జాగ్రత్త అర్థమవుతుంది. కానీ వైద్యం లేకుండానే, ఏ పరిహారమూ లేకుండానే బతుకుతున్న స్త్రీల విషయంలో రెండో ప్రశ్న అడగకపోవడం వట్టి జాగ్రత్త కాదు.

మాటలు కాదు, చేసిన ఖర్చుని చూసి విలువ తెలుసుకోవచ్చని మరో వాదం వుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద దాదాపు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9, తెలంగాణలో 8 శాతం. ఆ వాదం ప్రకారం తెలుగు స్త్రీలు ఈ ఆపరేషన్‌కి అందరికంటే ఎక్కువ విలువ ఇస్తున్నారనాలి! తెల్లబట్టకీ నడుంనొప్పికీ మొదట్లోనే ఓపిగ్గా చూసే డాక్టరు దగ్గర్లో లేకపోవడం, కేన్సర్ వస్తుందన్న భయం, కూలి పోగొట్టుకోలేని బతుకు, ఇవేవీ ఆసుపత్రి బిల్లులో కనిపించవు. వేరే దారి లేక చేసింది ఎంపిక ఎలా అవుతుంది?

స్త్రీలు నిజంగా చెల్లిస్తున్నదేమో వేరే ఖాతాలో వుంది. 2024 కాల వినియోగ సర్వేలో, ఇంట్లో జీతం లేని సంరక్షణ పని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నారని తేలింది. వంట, శుభ్రం వంటి ఇంటిపనులు దీనికి అదనం. మంచం పట్టిన అత్తగారికి పక్క మార్చే చేతులు ఆరోగ్యానికి చెల్లిస్తూనే వున్నాయి. రూపాయల్లో కాదు కాబట్టి వాటిని ‘చెల్లింపు’ అనరు. జాతీయ ఆదాయ లెక్కల మీద మెరిలిన్ వేరింగ్ 1988లోనే చేసిన విమర్శ ఇక్కడా వర్తిస్తుంది.

అసలు కొలవొద్దని నేననడం లేదు. కొలవని అవసరానికి బడ్జెట్లో చోటు దొరకడం కష్టమని స్త్రీల ఉద్యమాలకి బాగా తెలుసు. నా అభ్యంతరం చేతిలోని డబ్బుని మనసులోని విలువగా చదవడం మీద. ఈ సర్వేలు స్త్రీలని విడిగా, ఇంట్లోవాళ్ల ఎదుట కాకుండా అడగాలి. ‘మీ కోసమైతే ఎంత, మీ బిడ్డ కోసమైతే ఎంత’ అని రెండు గడులు పెట్టాలి. నిరసన సున్నల్ని పారేయకుండా, వాటి వెనకున్న మాటల్ని అచ్చువేయాలి. నన్ను ఎదురడిగిన ఆమె జవాబులోని తేడాని ఏ సగటూ పట్టుకోలేదు. కానీ ఆరోగ్య విధానం రాసేవాళ్లకి ముందు తెలియాల్సింది ఆ తేడాయే.